కాడి విప్పిన బండి

మన పల్లెలలో ధాన్యపు బండి గమ్యము చేరినంతనే బండివాఁడు కాడి దించి, యెడ్లను విప్పి, నొగల క్రింద ఊతకఱ్ఱ నిలుపును. కూలీలు బస్తాలు దింపుచుందురు. ఎడ్లు మేఁత మేయుచుండును. మోయునది వేఱు, లాగునది వేఱు. మోయునది నిలిచినంతమాత్రమున లాగునదియు నిలువ నక్కఱలేదు. ఇంత తెలిసిన సంగతిని మోటారు యుగమువారు మరల కనిపెట్టవలసి వచ్చినది. ఆ చరిత్రమును నేఁడు మనవి చేసెదను.

తొలినాళ్ళ లారీలో యంత్రమును సరకుపెట్టెయు నొక్కటే శరీరము. సరకు దిగువఱకు యంత్రమును బందీయే, డ్రైవరును బందీయే. 1914లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున సిబ్లీ యను కలప వర్తకుఁడు తన పడవను మోటారుతో లాగించుకొనఁ గోరి, ఆగస్టు ఫ్రూహాఫ్ అను కమ్మరి నాశ్రయించెను. అతఁడు ఫోర్డు కారు వెనుక తగిలించుటకు బండి నొకటి చేసి, దానికి సెమీ ట్రైలరని పేరిడెను. దాని ముందటి బరువు లాగు వాహనముపై వ్రాలును గనుక అది సగము బండియే. వర్తకునకు అది మిక్కిలి నచ్చి, కలప పనికిఁగూడ అట్టివి చేయించుకొనెను. 1918 నాఁటికి ఫ్రూహాఫ్ ట్రైలరు కంపెనీ యేర్పడెను.

ట్రాక్టరును ట్రైలరును కలుపు ఇనుప పీఠమును అచ్చట “అయిదవ చక్రము” అందురు. పూర్వము గుఱ్ఱపుబండ్ల ముందరి యిరుసు తిరుగుటకై దానిపై అడ్డముగా నొక గుండ్రని చట్రము అమర్చెడివారు. నాలుగు చక్రములకు మీఁదిది గాన ఆ పేరు. నేఁటి బండికి పదునెనిమిది చక్రము లున్నను పేరు మాఱలేదు. రూఢి యెంత బలమైనదో వ్యాకరణము చదివినవారికి వేఱ చెప్పనేల?

“డ్రాప్ ట్రైలరు” పద్ధతి యిదియే. డ్రైవరు గోదాము ఆవరణలోనికి వచ్చి, ట్రైలరు ముందటి యినుప కాళ్ళను మరత్రిప్పి నేలకు దించును. గాలి గొట్టములను, విద్యుత్తు తీఁగను ఊడఁదీయును. పీఠపు గొళ్ళెమును లాగి ట్రాక్టరును ముందునకు నడుపును. పిదప అచ్చటనే సిద్ధముగా నున్న వేఱొక ట్రైలరును తగిలించుకొని, గొళ్ళెము పడినదో లేదో యొకమా ఱీడ్చి చూచుకొని వెడలును. గోదామువారు తమ వీలుననుసరించి సరకు దింపుకొందురు. సరకు నింపుట డ్రైవరు చూడలేదు గనుక, లెక్క పంపినవారిదే యని రసీదుపై వ్రాయుట వాడుక.

ఇందులోని కీలకము కాలము. అమెరికాలో 2004 నుండి అమలైన నియమము ప్రకారము సరకు లారీ డ్రైవరు పని మొదలిడిన 14 గంటల లోపలనే, 11 గంటలకు మించక నడుపవలెను. అటుపై 10 గంటలు విశ్రమింపవలెను. గోదాము వాకిట కాచియున్న వేళయు సామాన్యముగా ఆ 14 గంటలలోనే కరగిపోవును. పెక్కుమందికి కూలి మైళ్ళ లెక్కను ముట్టును గాని గంటల లెక్కను గాదు. అదనపు వేళకు హెచ్చుకూలి నిచ్చిన 1938 నాఁటి కార్మిక చట్టము, రాష్ట్రముల నడుమ సరకు తోలు డ్రైవరులకు ఆ హక్కు నీయలేదు. కాచుకొనిన పూట నష్టపోవు వారెవరో మీరే యూహింపుఁడు. రెండు గంటలు దాఁటిన నిరీక్షణకు రుసుము అడుగు ఆచారము కలదు. కాని అడిగినదెల్ల చేతికందునా?

ట్రైలరును విడిచినచో నిరీక్షణము మాయము కాదు. మనుష్యుని విడిచి పెట్టెకుఁ జేరును. పెట్టెకు ఆఁకలి లేదు, ఇంటిపై బెంగ లేదు. అయినను దానికి వెల కలదు. ఒక ట్రాక్టరునకు రెండు మూఁడు ట్రైలర్లు కావలెను. నిలుపుటకు విశాలమైన ఆవరణ కావలెను. ఏది యెచ్చట నున్నదో లెక్క యుంచువారు కావలెను. ఇది పెద్ద కంపెనీలకు సాధ్యము. ఒక్క ట్రాక్టరును ఒక్క ట్రైలరును అప్పుచేసి కొన్నవాఁడు దేనిని విడిచి దేనిని తగిలించుకొనును? పొరుగు డ్రైవరు నిముసములలో వచ్చి పోవుచుండఁగా, అతఁడు గోదాము తలుపువైపు చూచుచు తన బండిలోనే కూర్చుండును.