చైనా పేరు, ఇరాన్ తండ్రులు, గుజరాత్ తల్లులు

పాత ల్యాప్‌టాప్‌కి కీబోర్డు మార్పించాలన్నా, రెండు జీబీల ర్యామ్ నాలుగు చేయించాలన్నా జంటనగరాల్లో ఒక తరం కుర్రాళ్లంతా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కే పరిగెత్తారు. అక్కడ సీటీసీ అంటే తెలియని ఆటోవాలా ఉండడు. ఆ మూడక్షరాల పూర్తిపేరు చెనాయ్ ట్రేడ్ సెంటర్. లోపల చిన్న చిన్న దుకాణాల్లో అద్దాల కింద పరిచి ఉండే చార్జర్లు, కేబుళ్లు, మదర్‌బోర్డులు చాలామటుకు చైనా సరుకే. తమాషా ఏమిటంటే భవనం పేరులోనూ చైనాయే ఉంది. చెనాయ్ అన్నది పార్సీల ఇంటిపేరు. చినాయ్ అని, చినోయ్ అని, చెనోయ్ అని ఇంగ్లిష్ స్పెల్లింగును బట్టి రకరకాలుగా పలుకుతారు. చైనాతో వ్యాపారం చేసిన ఇళ్లకు పార్సీల్లో అంటుకున్న పేరది.

ఈ పేరు గొడవ ఇప్పుడెందుకంటే, 2027లో రెండు పండగలు కలిసొస్తున్నాయి. సికింద్రాబాద్ ఎంజీ రోడ్డులోని పాత పార్సీ అగ్యారీకి (అగ్నిదేవాలయానికి) ఆ ఏడాదితో 180 ఏళ్లు. అక్కడికి పది కిలోమీటర్లు కూడా లేని హబ్సిగూడలో, మనుషుల రక్తంలోంచి వంశచరిత్రలు చదివే పరిశోధన సంస్థ సీసీఎంబీకి ఏప్రిల్ 1తో యాభై ఏళ్లు. సున్నాతో ముగిసే అంకె దొరికితే తప్ప పత్రికలకు చరిత్ర గుర్తురాదు కదా, ఈసారి రెండు దొరికాయి.

ముందు పాత కథ. ఏడో శతాబ్దంలో ఇరాన్‌లో ససానీ సామ్రాజ్యం కూలిపోయింది. ఆ తర్వాత ఎప్పుడో జరతుష్ట్రుని మతం పాటించే కొన్ని కుటుంబాలు, అంటే పార్సీల పూర్వీకులు, ఓడలెక్కి గుజరాత్ తీరంలో సంజాన్ దగ్గర దిగాయి. ఎప్పుడు దిగాయో చెప్పడానికి పండితులకు ఇప్పటికీ రెండు మూడు తేదీలున్నాయి. ఎందుకంటే ఆ వలసను వర్ణించే ‘కిస్సా–ఎ–సంజాన్’ అనే పారశీక కావ్యాన్ని బహ్మన్ కైకోబాద్ అనే పురోహితుడు రాసింది 1599 ప్రాంతంలో. అన్ని వందల ఏళ్ల తర్వాత రాసినదాంట్లో తిథీ వారం వెతకడం అత్యాశే. ఇక్కడ చోటు లేదంటూ రాజు నిండు పాలగిన్నె చూపిస్తే, వచ్చినవాళ్లు అందులో చక్కెర కలిపి చూపారన్న ప్రసిద్ధమైన కథ ఆ కావ్యంలో లేనే లేదు. అది జనం నోట పుట్టింది. సంజాన్ నుంచి సూరత్ దాకా గడిచిన శతాబ్దాల్లో వాళ్లు పొలాలు దున్నారు, కల్లు తీశారు, బట్టలు నేశారు, ఓడలు కట్టారు. అంతకన్నా చెప్పడానికి ఆధారాలు సన్నం.

అన్నాళ్లూ వాళ్లకు స్థిరమైన ఇంటిపేరు లేదు. మనిషి పేరు, పక్కన తండ్రి పేరు, అంతే. జంషెడ్‌జీ జీజీభాయ్ అంటే జీజీభాయ్ కొడుకు జంషెడ్‌జీ. బొంబాయిలో ఇంగ్లిష్ కచేరీలు, కంపెనీ ఖాతాలు వచ్చాక చేసే పనే ఇంటిపేరై కూర్చుంది. కాంట్రాక్టర్, ఇంజినీర్, బాట్లీవాలా, దారూవాలా. రొక్కం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునే ఇంటికి రెడీమనీ అనే పేరే ఖాయమైంది. ఆ రెడీమనీల ఇంటి హిర్జీ జీవన్‌జీ 1756లో చైనా వెళ్లి దారి వేశాడు. ఇక్కడి నుంచి పత్తి, నల్లమందు. అక్కడి నుంచి తేయాకు, పట్టు. నల్లమందు సంగతి ఇప్పటి వంశచరిత్రల్లో కాస్త గొంతు తగ్గించి చెబుతారు గానీ, కోట్లు తెచ్చినవాటిలో అదీ ఒకటి. జంషెడ్‌జీ జీజీభాయ్ అయిదుసార్లు చైనా వెళ్లాడు. 1805లో ఫ్రెంచివాళ్లు అతనెక్కిన ఓడను పట్టేసుకున్నారు. మన ఆడవాళ్లు బీరువాల్లో దాచుకునే తంచోయ్ పట్టుచీర కూడా ఆ రాకపోకల్లో మన ఒడ్డు చేరిన నేతే.

సికింద్రాబాద్ ఈ కథలోకి వచ్చేది సైన్యం వెంట. 1806లో నిజాం సికందర్ జా పేరుతో వెలసిన ఈ కంటోన్మెంటును జనం నిన్నమొన్నటి దాకా లష్కర్ అనే పిలిచారు. దండు ఉన్నచోట సరుకు కావాలి, సారా కావాలి, అన్నిటికీ మించి అప్పు కావాలి. అప్పు దగ్గరే అసలు కథ.

వికాజీ మెహెర్జీ, పెస్తోంజీ మెహెర్జీ అన్నదమ్ములు. కొంకణ తీరంలోని తారాపూర్ వాళ్ల ఊరు. అప్పట్లో నిజాం ఏలుబడిలో ఉన్న బేరార్ నల్లరేగడి నేలల్లో పత్తి బాగా పండేది గానీ, దాన్ని కనుమలు దించి బొంబాయి రేవుకు చేర్చే ధైర్యం ఎవరూ చేయలేదు. 1825–26లో ఈ అన్నదమ్ములు 500 ఎడ్ల మీద లక్షా ఇరవై వేల పౌన్ల పత్తి వేసి పంపారు. ఎద్దుకు నూరు కిలోల పైచిలుకు. బేరార్ పత్తి బొంబాయికి వెళ్లడం అదే మొదలు. దారి లేనిచోట బాట వేయించారు, పత్తి ఒత్తే ప్రెస్సులు పెట్టించారు.

హైదరాబాద్‌లో అప్పుడు చక్రం తిప్పుతున్నది నిజాం మంత్రి చందూలాల్. దానధర్మాల్లో కర్ణుడు, ఖజానా విషయంలో చిల్లుకుండ. బ్రిటిష్ అధికారుల కింద ఉన్న కంటింజెంట్ దళానికి నెల తిరిగేసరికి జీతాలు పడాలి, పడకపోతే రెసిడెన్సీ నుంచి కబురు వస్తుంది. అప్పటిదాకా ఆదుకున్న పామర్ కంపెనీ 1824లో దివాలా తీసింది. చందూలాల్ కన్ను ఈ పార్సీ అన్నదమ్ముల మీద పడింది. 1835లో వాళ్ల చేత హైదరాబాద్‌లో అప్పులిచ్చే కోఠీ తెరిపించాడు. అప్పు మీద అప్పు పెరిగింది, తాకట్టుగా బేరార్ జిల్లాల శిస్తు వసూలు చేసుకునే హక్కు రాసిచ్చాడు. అంటే రైతు చెల్లించే పన్ను నేరుగా సాహుకారు పెట్టెలోకి.

అదొక్కటే కాదు. ఔరంగాబాద్ టంకశాల కూడా అప్పటికే వాళ్ల చేతిలో ఉంది. 1832 నుంచి పదేళ్లపాటు అక్కడ ముద్రపడిన రూపాయిని జనం ‘పెస్తన్‌శాహీ’ అన్నారు. శాహీ అనే మాట రాజుల పేర్ల వెనక చేరేది. తారాపూర్ వర్తకుడి పేరు వెనక చేరింది. నాణేలు సేకరించేవాళ్లు ఈనాటికీ ఆ పేరుతోనే వాటిని వెతుకుతారు. నిజాం రాజ్య చరిత్రలో ఇంత సొగసైన విడ్డూరం ఇంకొకటి దొరకడం కష్టం.

1843లో చందూలాల్ దిగిపోయాడు. వచ్చినవాళ్లకు ఆ పాత బాకీ తమదని అనిపించలేదు. 1845లో తాకట్టు జిల్లాలను సర్కారు బలవంతంగా లాగేసుకుంది. బాకీ మాత్రం తీరలేదు. ఈస్టిండియా కంపెనీకి మొరపెట్టుకున్నారు, లండన్ దాకా అర్జీలు వెళ్లాయి. రాజుకి ప్రైవేటుగా ఇచ్చిన అప్పుతో మాకు సంబంధం లేదన్నారు కంపెనీవాళ్లు. 1848కల్లా కోఠీ మూతపడింది.

ఈ మూడేళ్ల మధ్యలో, 1847లో, ఆ అన్నదమ్ములు సికింద్రాబాద్‌లో అగ్యారీ కట్టించారు. ఇల్లు కూలుతున్నప్పుడు గుడి కట్టినవాళ్లు వీళ్లు. పెస్తన్‌శాహీ రూపాయిలు మ్యూజియం పెట్టెల్లోకి పోయాయి, అగ్యారీ ఇంకా నడుస్తోంది. పార్సీలు కానివాళ్లు లోపలికి వెళ్లకూడదు కాబట్టి మనబోటివాళ్లకు వీధిలోంచి కనిపించినంతే దక్కుతుంది. గుడి పేరులో అన్నదమ్ముల పేర్లు రెండూ ఉన్నాయి. వికాజీ అన్న మనిషి పేరే వారసులకు ఇంటిపేరైంది.

చెనాయ్‌లది ఆ తర్వాతి తరం. 1904లో హైదరాబాద్ తిలక్ రోడ్డు అగ్యారీ బాయి మాణెక్‌బాయి నుస్సర్వాన్‌జీ చెనాయ్ పేరుతో వెలిసింది. 1920లో సికింద్రాబాద్‌లో రెండో అగ్యారీ వచ్చింది, దాని పేరులో ఖాన్ బహదూర్ ఎదుల్‌జీ సొరాబ్‌జీ చెనాయ్ ఉన్నాడు. జంటనగరాల మూడు అగ్యారీల్లో రెండింటి మీద చైనా పేరే. ఇది తలకిందులుగానూ జరిగింది. హాంకాంగ్ శాసనమండలిలో వెలిగిన సర్ రాబర్ట్ కోట్‌వాల్ తండ్రి పార్సీ. చైనీయుల మధ్య ఆయన ఇంటిపేరు ‘లో’, అచ్చమైన చైనా ఇంటిపేరు. చైనా పేరున్నవాళ్లు ఇక్కడ చైనావాళ్లు కాలేదు, పార్సీ కొడుకు అక్కడ చైనా పేరు తెచ్చుకున్నాడు.

మరి నెత్తురు ఏం చెబుతుంది? సీసీఎంబీ తార్నాకలోని రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీలో ఒక విభాగంగా 1977లో మొదలైంది. పుష్ప భార్గవ దాని తొలి సారథి. అక్కడి లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతితో కేరళలో ఒక బిడ్డకు తండ్రెవరో తేల్చి కోర్టులో సాక్ష్యం చెప్పారు. మన దేశంలో డీఎన్ఏ సాక్ష్యం కోర్టుకెక్కడం అదే మొదలు. ఆ లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ తదితరులు పార్సీల జన్యుచరిత్ర మీద చేసిన అధ్యయనం 2017లో ‘జీనోమ్ బయాలజీ’లో అచ్చయింది. ఒక్క చెనాయ్‌ల మీద కాదు, భారత్, పాకిస్తాన్ పార్సీల మీద. తేలిందేమిటంటే, వాళ్లు చుట్టుపక్కల జనం కన్నా ఇరాన్, కాకసస్ ప్రజలకే దగ్గర. ఇంకో విశేషం, ఈనాటి ఇరానీయుల కన్నా కొత్త రాతియుగపు ఇరానీయులకు మరింత దగ్గర. ఇరాన్‌లో ఉండిపోయినవాళ్లలో తర్వాత బయటి నెత్తురు కలిసింది, వలసొచ్చినవాళ్లు పాతదాన్ని పట్టుకొచ్చారు. భారతీయులతో కలయిక సుమారు 1,200 ఏళ్ల కిందట. కిస్సా కవి తేదీలను పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదన్నమాట.

తల్లుల సంగతి మాత్రం వేరు. తల్లి నుంచే బిడ్డకు దిగే మైటోకాండ్రియా డీఎన్ఏను సంజాన్‌లో తవ్వితీసిన పాత ఎముకల్లోంచి చూస్తే, 48 శాతం దక్షిణాసియాదే. ఓడ దిగినవాళ్లు ఇక్కడి అమ్మాయిలను చేసుకున్నారు. ఇంటిపేర్లలోనూ, కిస్సాలోనూ, అగ్యారీ శిలాఫలకాల మీదా ఆ అమ్మాయిలు లేరు.

చైనాలో ఈ లెక్క ఇంకా సూటిగా నడుస్తుంది. అక్కడ ఇంటిపేరు వేల ఏళ్లుగా తండ్రి నుంచి కొడుక్కి దిగుతోంది, వై క్రోమోజోమూ అంతే. మూడు రాజ్యాల కథల్లో ప్రతినాయకుడు త్సావ్ త్సావ్ (155–220) సమాధి దొరికిందని 2009లో ప్రకటించగానే షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయం వాళ్లు త్సావ్ ఇంటిపేరున్న మగవాళ్ల రక్తం సేకరించారు. అతని తాతవరస బంధువు సమాధిలో దొరికిన పంటితో పోల్చారు. వంశస్థులమని చెప్పుకున్న కొన్ని ఇళ్ల డీఎన్ఏ దాంతో సరిపోయింది. త్సావ్ త్సావ్ తండ్రి ఒక అంతఃపుర నపుంసకుడికి పెంపుడు కొడుకు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న బిడ్డ అని శత్రువులు ఎగతాళి చేసేవారు. ఆ దత్తత ఇంటివాళ్లలోనే జరిగిందని పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత తేలింది. హాన్ కాలపు మంత్రి త్సావ్ షెన్ సంతతి అని అతను చెప్పుకున్నది మాత్రం నిలబడలేదు.

తెలుగువాళ్ల దగ్గర ఈ పరీక్ష పెడితే అభాసుపాలవుతుంది. తాళ్ళపాక, బమ్మెర, కాకర్ల, అన్నీ ఊళ్లే. ఒకే ఊరి నుంచి కదిలిన నాలుగు కులాలవాళ్లకూ అదే ఇంటిపేరు. ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలిపితే పెళ్లిళ్ల పేరయ్య నవ్వుతాడు. పైగా నిలకడ కూడా తక్కువ. సరోజినీ నాయుడు భర్త ఇంటిపేరు ముత్యాల. అది ఎగిరిపోయి నాయుడు మిగిలింది. సికింద్రాబాద్‌లో ఆమె పేరిట ఉన్న సరోజినీదేవి రోడ్డులో నాయుడూ లేదు.

ఇరవయ్యో శతాబ్దం వచ్చాక పార్సీల లెక్కా చిక్కుపడింది. ఆర్.డి. టాటా ఫ్రెంచి భార్య సూజన్‌ను పార్సీగా ఒప్పుకోవాలా అన్న గొడవ బొంబాయి హైకోర్టుకెక్కింది. 1908లో దావర్, బీమన్ అనే న్యాయమూర్తులు తండ్రి పార్సీ అయితే బిడ్డ పార్సీ అని తేల్చారు, బయటి నుంచి వచ్చిన భార్యకు మాత్రం ఆ హక్కు లేదన్నారు. ఆ సూజన్ కొడుకే జేఆర్‌డీ. బయటివాళ్లను పెళ్లాడిన పార్సీ అమ్మాయి పిల్లల సంగతి నేటికీ తెగని తగువే. సంజాన్ ఎముకల ముందు ఆ తీర్పు పెట్టి చూస్తే తొలి తల్లుల్లో దాదాపు సగం మందికి అగ్యారీ గడప దాటే అర్హత ఉండేది కాదు. 1941లో దేశంలో పార్సీలు 1,14,890 మంది. 2011 జనగణనలో 57,264.

ఇంటిపేరు తాతల వ్యాపారం చెబుతుంది, ఊరు చెబుతుంది, ఒక్కోసారి గొప్ప కోసం అబద్ధమూ చెబుతుంది. అమ్మమ్మల గురించి మాత్రం ఏమీ చెప్పదు. ప్రయోగశాలకు రక్తం ఇచ్చే అవకాశం అందరికీ రాదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అమ్మమ్మ, నాయనమ్మ, వాళ్ల అమ్మల పుట్టింటి పేర్లు, ఊళ్లు అడిగి ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.