వడియం నుంచి ఫ్రీజరు వరకు: ముందస్తు వంట చరిత్ర

తీరిక ఉన్నప్పుడు వండి, తీరిక లేనప్పుడు తినడమన్నది నేటి నగర కుటుంబాలు కనిపెట్టిన పద్ధతి కాదు. ఆదివారంనాడు పప్పులు, కూరలు వండి, డబ్బాల కెత్తి, ఫ్రీజరులో భద్రపరచి వారమంతా వాడుకోవడం చూడడానికి ఆధునికంగానే ఉంటుంది. దాని వెనుకనున్న సూత్రం మాత్రం భారత ఉపఖండపు వంటిళ్ళలో శతాబ్దాలుగా అమలులో ఉన్నదే. కాలక్రమంలో ఇందులో రెండు అంశాలు మారాయి. ఒకటి, పదార్థాన్ని చెడకుండా నిలిపే సాధనం. రెండవది, ఆ పనిలో పాలుపంచుకునే మనుషుల సంఖ్య. మొదటి మార్పు అందరికీ కనిపిస్తుంది. రెండవది అంతగా గమనానికి రాదు.

ఉపఖండపు వంటింటి నడవడిని నిర్ణయించినది ఋతుచక్రం. వేసవిలో ఎండ సమృద్ధి, వానాకాలంలో కూరగాయలకు కొరత, కట్టెలకు తడి. పదహారవ శతాబ్ది తొలి దశాబ్దాలలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుని ఇంట వానాకాలంలో అతిథులకు జరిగే భోజనపు వర్ణన ఉంది. అన్నం, పప్పు, నేయి, పెరుగులతో పాటు వరుగులు, వడియాలు కూడా ఆ వడ్డనలో చేరాయి. పొగ పుట్టకుండా ఆయన ఇల్లాలు ఎండిన కొబ్బరి చిప్పలతో వంట చేసిందని కూడా కవి చెబుతాడు. ఆ వరుగులు, వడియాలు ముసురు పట్టిన రోజుల్లో తయారయినవి కావు. అంతకు ముందే ఎండల్లో కూరలు తరిగి, పిండి రుబ్బి, ఆరబెట్టి, కుండలలో దాచిన చేతులు వాటి వెనుక ఉన్నాయి. కావ్యం వడ్డనను వర్ణించింది. ఆ చేతుల శ్రమను పాఠకుడే ఊహించుకోవాలి.

ఈ ఏర్పాటు తెలుగునేలకే పరిమితం కాదు. కాశ్మీరులో మంచు దారులను మూసే నెలల కోసం సొరకాయ, వంకాయ ముక్కలను ముందే ఎండబెట్టుకుంటారు. రాజస్థాన్ ఎడారి ప్రాంతంలో జమ్మి కాయలను ఎండబెట్టి 'సాంగ్రీ' అనే పేరుతో ఏడాది పొడవునా వండుకుంటారు. నేపాల్‌లో ఆకుకూరలను పులియబెట్టి, ఎండబెట్టి 'గుంద్రుక్' తయారు చేస్తారు. బెంగాలీల 'బొరి', పంజాబీల 'వడీ' మన వడియానికి చుట్టాలే. మాల్దీవులలో ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టిన చేప శ్రీలంక వంటకాలకు రుచినిస్తుంది. ఇన్ని ప్రాంతాల ఇన్ని పద్ధతులకూ ఆధారం ఒక్కటే. ఆహారాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులకు నీరు కావాలి. ఎండ ఆ నీటిని తొలగిస్తుంది. ఉప్పు దానిని వాటికి అందకుండా చేస్తుంది. ఆవకాయలో ఉప్పుకు మామిడి పులుపు తోడవుతుంది. పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది.

ఈ పనులు ఏ ఒక్కరో చేయగలిగినవి కావు. ఒకరు పిండి దంచితే మరొకరు ఉండలు చేయాలి, ఇంకొకరు అప్పడాలు వత్తాలి, పిల్లలు మేడమీద కాకులను తోలాలి. ఇరుగుపొరుగు స్త్రీలు ఒకరి ఇంటి పనికి మరొకరు వంతుల వారీగా వెళ్ళే ఆనవాయితీ ఎన్నో ఊళ్ళలో ఉండేది. ఏడాదికి సరిపడే నిల్వ కొద్ది రోజుల్లో సిద్ధమయ్యేది ఆ సమష్టి శ్రమ వల్లనే.

చల్లదనాన్ని ఆహార నిల్వకు వాడుకోవడం ఇంటింటికీ చేరడానికి చాలా కాలం పట్టింది. సురేకారంతో నీటిని చల్లబరచే పద్ధతిని అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో వివరించాడు. అక్బరు కొలువు పంజాబుకు తరలిన తరువాత, 1586 నుంచి ఉత్తర పర్వతాల మంచు వాడుకలోకి వచ్చిందని కూడా రాశాడు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుడు పంపిన 'టస్కనీ' నౌక సుమారు 180 టన్నుల మంచుగడ్డతో బయలుదేరి, నాలుగు నెలల ప్రయాణానంతరం కలకత్తా చేరింది. అందులో దాదాపు 100 టన్నులు కరగకుండా మిగిలాయి. మద్రాసు సముద్రతీరాన 1842లో మంచు గిడ్డంగి వెలసింది. 1897లో స్వామి వివేకానందులు బస చేసిన ఆ భవనమే నేటి వివేకానంద ఇల్లం. అయితే అక్బరు కాలంలోనూ, ట్యూడరు కాలంలోనూ మంచు ప్రధానంగా సంపన్నుల పానీయాలను చల్లబరచింది. సామాన్యుని వంటింటి నిల్వకు ఎండే దిక్కుగా ఉండేది.

ఆహారాన్నే గడ్డకట్టించి నిలిపే ఆధునిక విధానం ఉత్తర అమెరికాలో రూపుదిద్దుకుంది. 1912 తరువాత కెనడాలోని లాబ్రడార్‌లో నివసించిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ, అక్కడి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేపలు తీవ్రమైన చలిగాలిలో క్షణాలలో గడ్డకట్టడం చూశాడు. కరిగించి వండినప్పుడు అవి తాజా చేపల రుచినే ఇచ్చాయి. ఇందుకు కారణం వేగమే. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాలను చీలుస్తాయి. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవై పదార్థపు నిర్మాణం చెడదు. ఈ సూత్రంపై ఆయన యంత్రాలను రూపొందించాడు. 1930లో మసాచుసెట్స్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఘనీభవించిన ఆహార పదార్థాలు దుకాణాల్లో అమ్మకానికి వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో ఇంటి ఫ్రీజర్లు విస్తరించాయి. 1950ల మధ్యనాటికి వేడిచేసుకుంటే చాలుననిపించే 'టీవీ డిన్నరు' ప్రసిద్ధి పొందింది.

స్వతంత్ర భారతదేశంలో ఆహార నిల్వపై పరిశోధనకు మైసూరు కేంద్రమయింది. 1950లో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, 1961లో రక్షణ ఆహార పరిశోధనశాల అక్కడ ప్రారంభమయ్యాయి. వండిన పదార్థాన్ని సంచిలో మూసి, ఒత్తిడిలో సుమారు 121 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేసి, చల్లదనం అవసరం లేకుండానే నెలల తరబడి నిలిపే పద్ధతి సైనికుల అవసరాలకు తోడ్పడి, తరువాత మార్కెట్టుకూ చేరింది. 1958లో గోద్రెజ్ సంస్థ దేశంలో రిఫ్రిజిరేటర్ల తయారీ చేపట్టింది. విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గోంగూర, మునగకాయ, కొబ్బరి తురుము నేడు ఘనీభవించిన రూపంలోనే అందుతున్నాయి.

ఫ్రీజరుకు తనవైన నియమాలున్నాయి. మైనస్ 18 డిగ్రీల వద్ద సూక్ష్మజీవుల పెరుగుదల ఆగిపోతుంది గాని, వాటిలో చాలా భాగం చావవు. అందువల్ల వండిన పదార్థాన్ని తక్కువ లోతుగల పాత్రల్లో త్వరగా చల్లార్చి భద్రపరచాలి. కరిగించిన తరువాత పూర్తిగా మరగనిచ్చి వాడుకోవాలి. ఉడికించిన శనగలు, రాజ్మా, మసాలా ముద్దలు బాగా నిలుస్తాయి. దోసకాయ వంటి నీటి కూరలు మెత్తబడి రుచి కోల్పోతాయి. గంటల తరబడి విద్యుత్తు నిలిచిపోతే దాచినదంతా చెడిపోయే ప్రమాదమూ ఉంది. పొడిగా భద్రపరచిన వడియానికి ఈ బెడద లేదు.

శ్రమ సంగతికి వస్తే చరిత్ర రెండు దారులు చూపుతుంది. 1959 మార్చి 15న బొంబాయిలోని గిర్గాంలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మేడమీద అప్పడాలు వత్తడం ప్రారంభించారు. లిజ్జత్ పాపడ్‌గా పేరొందిన ఆ సహకార సంస్థ వేలాది స్త్రీలకు జీవనోపాధి అయింది. వారిలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ లభించింది. ఇంట్లో లెక్కకు రాని పని అక్కడ కూలికీ, భాగస్వామ్యానికీ అర్హమయింది. రెండవ దారి ఇంటి లోపలిది. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు వాటిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించగా, ఆ పనులు చేసే పురుషులు వెచ్చించినది 97 నిమిషాలే.

ఈ అంతరం ఉన్నంతకాలం ఫ్రీజరు పని వేళను మార్చగలదే తప్ప పని భారాన్ని పంచలేదు. పూర్వం వేసవి మేడమీద పది చేతులు చేసిన పని నేడు ఆదివారపు వంటింట్లో తరచు రెండు చేతుల మీద పడుతోంది. ఉద్యోగం చేసే స్త్రీకి వారపు సాయంత్రాలలో దక్కిన విశ్రాంతికి మూల్యం ఆమె సెలవురోజే అవుతోంది. వడియాల నాటి నైపుణ్యాన్ని కొత్త సాధనం అందిపుచ్చుకుంది. ఆనాటి చేతిసాయాన్ని కూడా, ఈసారి ఇంటి పురుషులతో సహా, కుటుంబం తిరిగి అలవరచుకుంటేనే ముందస్తు వంట అందరికీ తీరికనిస్తుంది.