మందులు ఇవ్వడంలో పొరపాట్లు: హైదరాబాద్

ఒక మందుకు బదులు మరొకటి ఇవ్వడం, మోతాదు తప్పడం, కండకు చేయవలసిన ఇంజెక్షన్ నరానికి చేయడం, ఒకరి మందు పక్క మంచం మీది రోగికి ఇవ్వడం మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లలో ముఖ్యమైనవి.

హైదరాబాద్‌లో మందు ఇచ్చే పద్ధతి మీద పేరుమోసిన పరిశోధన నిజాం కాలంలో జరిగింది. క్లోరోఫారం మత్తులో రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో కమిషన్ నడిపారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1889లో రెండో కమిషన్ కూర్చుంది. లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చారు. ముందు ఆగేది ఊపిరే, మత్తిచ్చేవారు దాన్నే కనిపెట్టుకుని ఉండాలని వారు తేల్చారు. గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదని 1911లో వైద్యుడు గుడ్‌మన్ లెవీ చూపడంతో ఆ తీర్పు సగమే నిలిచింది. మందిచ్చాక రోగిని వదిలి వెళ్ళకూడదన్న పాఠం మాత్రం నేటికీ చెల్లుతుంది.

మన కాలానికి వస్తే, నగరంలోని బస్తీల తల్లులకు బుధ, శనివారాలు టీకాల రోజులు. 2019 మార్చి 6, బుధవారం, నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసిబిడ్డలకు టీకాలు వేశారు. సూది పడిన రాత్రి జ్వరం వస్తే వేయమని పారాసిటమాల్ ఇవ్వడం ఆనవాయితీ. ఆరోజు దాని బదులు ట్రమడాల్ బిళ్ళలు చేతికిచ్చారు. అది నల్లమందు తరహాలో పనిచేసే నొప్పి మందు. దానితో పసివాళ్ళకు ఊపిరి మందగిస్తుంది. అమెరికాలో 2017లోనే పన్నెండేళ్ళలోపు పిల్లలకు వద్దన్నారు. తల్లులు చెప్పినట్టే వేశారు. బిడ్డలు మగతలోకి జారారు. పదుల సంఖ్యలో పిల్లలను నిలోఫర్ ఆసుపత్రిలో చేర్చారు, మరణాలూ సంభవించాయి. తప్పు టీకాది కాదు, బిళ్ళది. కానీ ఆ భయం టీకా మీదికీ పాకడం ఈ విషాదంలో రెండో నష్టం.

ఇలాంటప్పుడు ముందుగా నర్సు మీదే వేలు చూపుతారు. అది చాలదు. పసిపిల్లల టీకా బల్ల దాకా ట్రమడాల్ ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక ఇదే దారిలో ఆలోచించమంది: మనిషి పొరబడతాడు, ఆ పొరపాటు రోగిని చేరకుండా ఏర్పాటే అడ్డుపడాలి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మందుల వల్ల కలిగే తీవ్రమైన హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించాలని పిలుపునిచ్చింది.

నర్సింగ్ విద్యార్థులకు ఐదు సరిచూపులు నేర్పుతారు: రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, వేళ. రద్దీలో అవి నిలవాలంటే ఏర్పాటు తోడుండాలి. ఇన్సులిన్ చీటీలో యూనిట్లకు బదులు U అనే ఒక్క ఇంగ్లిషు అక్షరం రాస్తే అది సున్నాలా కనబడి పది వంద అవుతుంది. అందుకే పూర్తి మాట రాయమంటారు. చీటీలోనే కాదు, కత్తెరతో ముక్కలు చేసిన బిళ్ళల పట్టీ మీద కూడా ఒక్కోసారి మందు పేరే మిగలదు. అలాంటి ముక్క తల్లి చేతికి వెళితే, ఇంట్లో చదువుకున్నవారున్నా అది ఏ మందో పట్టుకోలేరు.