మోకాలి శస్త్రచికిత్స తరువాత: కట్టు నుంచి కదలిక వరకు

2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ టైటిల్ గెలుచుకున్నాడు. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచిన తరువాత మళ్ళీ ఒక భారతీయుడు ఆ టైటిల్ అందుకోవడానికి 21 ఏళ్ళు పట్టింది. ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. అయితే ఆ రోజు గోపీచంద్ పరుగులు తీసిన మోకాలు ఒకప్పుడు దెబ్బతిన్నదే. 1994లో, 20 ఏళ్ళ వయసులో, డబుల్స్ ఆడుతుండగా ఆ మోకాలిలోని లిగమెంట్ తెగిపోయింది. శస్త్రచికిత్సలు జరిగాయి. 1996లో అతను తొలిసారి జాతీయ చాంపియన్ అయ్యాడు. తెగిన మోకాలు మళ్ళీ కోర్టు మీదికి ఎలా వస్తుంది? ఈ ప్రశ్నకు వైద్యులు వందేళ్ళకు పైగా జవాబు వెతుకుతూ వచ్చారు.

ముందుగా మోకాలి లోపల ఏముందో చూద్దాం. తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి పట్టే రెండు బలమైన పట్టీలు కీలు మధ్యలో ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. వాటిలో ముందుది కాలి ఎముక ముందుకు జారకుండా ఆపుతుంది. పరుగులో చటుక్కున ఆగినా, దూకి వంకరగా దిగినా సాధారణంగా తెగేది ఇదే.

1895లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే వైద్యుడు ఒక గని కార్మికుని మోకాలిలో తెగిన పట్టీలను కుట్టాడు. 1917లో బ్రిస్టల్‌కు చెందిన హే గ్రోవ్స్ తొడ పక్కనున్న పొరను చీల్చి దానితో కొత్త పట్టీ అల్లాడు. ఈనాటి పద్ధతికి మూలం అదే. ఇప్పుడు రోగి సొంత టెండాన్‌నే తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి అమరుస్తారు.

కత్తి పని ఇలా ముందుకు సాగినా, ఆ తరువాతి సంరక్షణ చాలాకాలం వెనకే ఉండిపోయింది. కుట్టినది తెగిపోతుందన్న భయంతో కాలికి వారాల తరబడి పిండికట్టు వేసేవారు. కట్టు విప్పేసరికి తొడ కండరం సన్నబడిపోయేది, కీలు బిగుసుకుపోయేది. పట్టీ నిలిచినా నడక పోయేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో థామస్ డెలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు గాయపడిన సైనికుల చేత క్రమంగా పెంచుతూ బరువులు ఎత్తించి కండరబలం తిరిగి తెప్పించాడు. 1945లో ఆ ఫలితాలను ప్రచురించాడు. అయినా లిగమెంట్ రోగులకు కట్టు తప్పలేదు.

మలుపు ఇండియానాపొలిస్‌లో వచ్చింది. అక్కడి వైద్యుడు డొనాల్డ్ షెల్‌బోర్న్ ఒక విచిత్రం గమనించాడు. చెప్పిన మాట వినకుండా ముందుగానే నడిచినవారి మోకాళ్ళే బాగున్నాయి! 1990లో నిట్జ్‌తో కలిసి ఆయన కొత్త క్రమాన్ని ప్రచురించాడు. మొదటి రోజు నుంచే మోకాలు పూర్తిగా చాపాలి, ఓర్చుకోగలిగినంత బరువు మోపాలి. గోపీచంద్ గాయపడింది ఆ తరువాత నాలుగేళ్ళకే.

మరి ఎంత తొందర మంచిది? ఇక్కడ ఒక మోసం ఉంది. అమర్చిన టెండాన్‌కు మొదట్లో రక్తప్రసరణ ఉండదు. శరీరం దానిని మెల్లగా లిగమెంట్‌గా మార్చుకుంటుంది. ఈ మార్పు జరిగే తొలి నెలల్లో అది బలహీనపడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి తగ్గుతుంది, మనిషికి ధైర్యం వస్తుంది. 2016లో వెలువడిన ఒక నార్వే అధ్యయనం ప్రకారం, తొమ్మిది నెలల వరకు ఆటకు దూరంగా గడిపిన ప్రతి నెలా మళ్ళీ గాయపడే ప్రమాదాన్ని దాదాపు సగానికి తగ్గించింది. రెండు తొడల బలం సమానం కావడం కూడా అంతే ముఖ్యమని అది చూపింది. కనుక కదలికకు తొందర కావాలి, ఆటకు ఓపిక కావాలి.

అసలు శస్త్రచికిత్స అందరికీ అవసరమా? 2010లో స్వీడన్‌లో 121 మంది యువకులపై జరిగిన పరిశీలన వెలువడింది. వారిలో 59 మందికి ముందు వ్యాయామమే ఇచ్చారు. రెండేళ్ళలో శస్త్రచికిత్స కావలసి వచ్చింది 23 మందికే.

ఇప్పుడు మీ సంగతి. పెద్ద నగరాలకు సముద్రమంత దూరంలో ఉన్నవారి మాటేమిటి? 2024లో శ్రీ విజయ పురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి ఆస్టినాబాద్‌లో ఉంటున్నారనుకోండి. చెన్నైలోనో విశాఖపట్నంలోనో శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి చేరితే, మిగిలిన నెలలన్నీ మీ చేతిలోనే ఉంటాయి. నిరాశ అక్కర్లేదు. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి మోకాలు చాపడానికీ, తొడ కండరం బిగించి వదలడానికీ, కుర్చీలోంచి లేచి కూర్చోవడానికీ యంత్రాలు అవసరం లేదు. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం వైద్యునితో రాయించుకుని తెచ్చుకోండి. పిక్కలో వాపు, నొప్పి, లేదా జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

వైద్యుడు పట్టీని అమర్చగలడు కాని, తొడకు బలం ఇవ్వలేడు. అది రోజూ కొంచెం కొంచెంగా రోగే సంపాదించుకోవాలి. 1994కూ 2001కీ మధ్య గడిచిన ఏడేళ్ళు చెప్పేది కూడా ఇదే.