మందిచ్చిన చెయ్యే మందు పెట్టిందట!

ఐరోపాలో మంత్రగత్తెల వేట ఆల్ప్స్ కొండపల్లెల్లో వేళ్లూనుకుంది. వైద్యుడు దొరకని ఆ ఊళ్లలో ఆవు పాలివ్వకపోయినా, పురుడు కష్టమైనా, బిడ్డకు దిష్టి తగిలిందనుకున్నా ఆకుపసరూ మంత్రమూ తెలిసిన మనిషి గడప తొక్కాల్సిందే. జబ్బు తీయడం తెలిసినవాళ్లకు జబ్బు పంపడమూ తెలుసన్న అనుమానం ఆ నమ్మకాన్ని అంటిపెట్టుకునే పెరిగింది.

1428 ఆగస్టు 7న, నేటి స్విట్జర్లాండ్‌లోని వాలే ప్రాంతంలో ఏడు మండలాల ప్రతినిధులు మంత్రగాళ్లపై విచారణకు పట్టుబట్టారు. ముగ్గురికి మించి వేలెత్తి చూపితే చాలు, ఆ మనిషిని పట్టుకోవాలన్నారు. అంతవరకు చేతబడి అంటే ఒకరు మరొకరికి తలపెట్టే కీడు. అది సాతానుకు మొక్కి, రాత్రిళ్లు గాలిలో ఎగిరే రహస్య ముఠా కథగా మారిపోయింది. ఆ కథకు 1430లలో యోహాన్నెస్ నీడర్ అనే మతగురువు రచన ప్రచారం కల్పించింది. 1485లో ఇన్స్‌బ్రుక్‌లో హైన్రిష్ క్రామర్ అనే మతవిచారణాధికారి మంత్రగత్తెలపై విచారణ మొదలుపెడితే అక్కడి బిషప్ ఆపించి పొమ్మన్నాడు. ఆ అవమానం మింగిన క్రామరే మంత్రగత్తెల వేటకు చేతిపుస్తకమైన ‘మాలెయుస్ మాలెఫికారుమ్’ రాశాడు.

దాదాపు వందేళ్ల తర్వాత, నేటి బవేరియా కొండల్లోని ఓబర్స్ట్‌డోర్ఫ్‌లో కొన్రాడ్ స్టోక్లిన్ అనే గుర్రాల కాపరి ఉండేవాడు. ఎవరు ముందు పోతే వాళ్లు తిరిగొచ్చి ఆ లోకం కబుర్లు చెప్పాలని స్నేహితుడితో ఒప్పందం. 1578లో స్నేహితుడు చనిపోయాడు. మాట ప్రకారం కనిపించాడని కొన్రాడ్ చెప్పాడు. తర్వాత తెల్లబట్టల దేవదూత వెంట, ఏడాదికి నాలుగుసార్లు తన ప్రాణం ‘రాత్రి గుంపు’తో తిరిగొస్తుందన్నాడు. ఊరు నమ్మింది. వైద్యానికీ, కీడు చేసిందెవరో చెప్పించుకోవడానికీ జనం వచ్చారు.

1586లో అతను ఒక ముసలామెను మంత్రగత్తె అన్నాడు. అధికారులు ఆమెతోపాటు అతన్నీ పట్టుకున్నారు. దేవదూత కాదు, వచ్చింది సాతానే అని ఆ ప్రాంతాన్ని ఏలే బిషప్ కొలువులోని న్యాయవేత్తలు తేల్చారు. చిత్రహింసలకు తాళలేక కొన్రాడ్ అడిగినవన్నీ ఒప్పుకున్నాడు. 1587 జనవరిలో చంపేశారు. ఆ కేసుతో మొదలైన వేటలో రెండు డజన్ల దాకా ప్రాణాలు పోయాయి.

నయం చేసేవాళ్లే జబ్బు పంపుతారన్న తర్కం రెండు శతాబ్దాలైనా చావలేదు. స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్‌లో ఒక వైద్యుడి కూతురు గుండుసూదులు కక్కుతోందని పనిమనిషి ఆన్నా గోల్డీపై నింద పడింది. పారిపోయిన ఆమెను పట్టి తెచ్చి, పాపకు నయం చేయమన్నారు. ఆమె చెయ్యి పడ్డాక పాప తేరుకుంది. తీసింది గనక పెట్టిందీ ఆమేనన్నారు!

1782 జూన్ 13న ఆన్నా తల నరికారు. తీర్పులో మంత్రవిద్య ఊసు లేదు, విషప్రయోగమని రాశారు. 2008లో గ్లారుస్ శాసనసభ ఆమెను నిర్దోషిగా ప్రకటించింది.