దొర కట్టించిన గుడి, ఊరు కట్టుకున్న గుడి: ఇంగ్లండ్ మిల్లు గ్రామాల్లో ఆరాధన, శ్రమ, నివాసం

మిల్లు పేట అనగానే పొగగొట్టం, కూత, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళ వరసలు కళ్ళ ముందుకొస్తాయి. ఇంగ్లండ్‌లోని పాత మిల్లు గ్రామాల్లో వీటితో పాటు తప్పకుండా కనిపించేది చర్చి. ఒక ఊళ్ళో అది మిల్లు గేటుకు ఎదురుగా ఉంటుంది, మరో ఊళ్ళో మిల్లు దొర బంగళా నీడన ఉంటుంది. ఈ చర్చిల గురించి చరిత్రకారులు చాలానే రాశారు. కొందరు వాటిలో దొరల ధర్మబుద్ధిని చూశారు, కొందరు కూలీలను అదుపులో పెట్టే ఎత్తుగడను చూశారు. రెండు పక్షాలూ మాట్లాడేది దొర గురించే. ఊళ్ళోవాళ్ళు ఎక్కడ మొక్కారు, ఎవరి డబ్బుతో కట్టిన చోట మొక్కారు అన్న ప్రశ్న పక్కనే ఉండిపోయింది.

ఈ వ్యాసంలో నా వాదన చిన్నది. ఈరోజు నిలిచి ఉన్న కట్టడాలను బట్టి ఆ గ్రామాల మతజీవితాన్ని లెక్కగడితే, దొర భక్తినే ఊరి భక్తి అని పొరబడతాం. పెద్ద వాస్తుశిల్పి గీసిన చర్చి వారసత్వ జాబితాకెక్కి నిలుస్తుంది. వారానికో పెన్నీ పోగేసి కట్టుకున్న చాపెల్, అంటే రాజ్యం అండ లేని వర్గాల మందిరం, కూలిపోయినా అడిగేవాళ్ళు తక్కువ.

ముందు మిల్లు, చివర గుడి

కథ క్రామ్‌ఫర్డ్‌లో మొదలవుతుంది, కానీ దాని మూలం కొంత మన తీరంలోనే ఉంది. మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్ళిన కలంకారీ అద్దకాల మోజును తట్టుకోలేక ఇంగ్లండ్ ఉన్ని, పట్టు నేతవాళ్ళు గగ్గోలు పెట్టారు. ఆ ఒత్తిడితో 1721లో అద్దకపు నూలుబట్టల వాడకాన్నే చట్టం నిషేధించింది. నిషేధం నుంచి ఇంగ్లండ్‌లో తయారైన నూలుబట్టలకు మినహాయింపు తెప్పించుకున్నవాడు రిచర్డ్ ఆర్క్‌రైట్. అది 1774లో. పడుగుకు సరిపోయే గట్టి నూలును యంత్రం మీద తీయడం అతనికి అప్పటికే చేతనైంది.

డెర్బీషైర్ కొండల నడుమ క్రామ్‌ఫర్డ్‌లో ఆర్క్‌రైట్ మిల్లు 1771లో మొదలైంది. చిన్న వాగు నీటితో పాటు సీసపు గనుల్లోంచి వచ్చే కాలువ నీరు కూడా చక్రాన్ని తిప్పేది. గని నీరు గనక చలికాలంలోనూ గడ్డకట్టదు. మనుషులు చాలని చోటు కాబట్టి కుటుంబాలను రప్పించడానికి 1776లో నార్త్ స్ట్రీట్ ఇళ్ళు కట్టించాడు. మూడంతస్తుల ఆ ఇళ్ళలో పై అంతస్తు పనిగది. మగవాళ్ళు అక్కడ నేత నేస్తే, ఆడవాళ్ళూ పిల్లలూ మిల్లుకు వెళ్ళేవారు. 1778లో సత్రం వచ్చింది. చర్చి మాత్రం 1797లో గానీ తెరుచుకోలేదు. అప్పటికి ఆర్క్‌రైట్ పోయి ఐదేళ్ళు. నిజానికి అది ఆర్క్‌రైట్ కుటుంబపు విల్లర్స్‌లీ బంగళావాసుల సొంత ఆరాధనకని మొదలుపెట్టిన కట్టడం, కొడుకు పూర్తిచేశాడు. మిల్లు, ఇళ్ళు, సత్రం, చర్చి అన్న ఈ వరస క్రామ్‌ఫర్డ్ గురించి ఏ ప్రసంగం కన్నా సూటిగా చెబుతుంది. కూలీల ఆత్మల గురించి దొరకు తొందరేమీ లేదు.

స్టయల్‌లో పిల్లల ఆదివారాలు

చెషైర్‌లోని స్టయల్‌లో, బోలిన్ నది ఒడ్డున, శామ్యూల్ గ్రెగ్ 1784లో పెట్టిన క్వారీ బ్యాంక్ మిల్లు కథ వేరు. ఇక్కడ పనివాళ్ళలో పెద్ద భాగం అనాథాశ్రమాల నుంచి, పేదల వసతిగృహాల నుంచి ఒప్పందం మీద తెచ్చిన పిల్లలు. వాళ్ళ కోసం 1790లో కట్టిన అప్రెంటిస్ హౌస్ ఇప్పటికీ ఉంది. 1802 నాటి అప్రెంటిస్‌ల ఆరోగ్య, నీతి చట్టం ఇలాంటి పిల్లల పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది. ఆదివారం ఒక గంట మతబోధ ఉండాలని కూడా శాసించింది. మిల్లు గోడలకు ఏటా రెండుసార్లు సున్నం కొట్టించాలన్న నిబంధనా అదే చట్టంలో ఉంది. గోడకు సున్నం, పిల్లవాడికి బైబిలు అన్నమాట.

గ్రెగ్ భార్య హన్నా యూనిటేరియన్. అంటే త్రిత్వాన్ని ఒప్పుకోని, రాజ్యం అండ ఉన్న ఆంగ్లికన్ చర్చికి బయట నిలబడ్డ వర్గం. మిల్లు పిల్లలను మాత్రం ఆదివారం పూట విల్మ్‌స్లోలోని ఆంగ్లికన్ చర్చికి నడిపించేవారు. దొర ఇంటి నమ్మకం ఒకటి, మిల్లు పిల్లల ఆదివారం మరొకటి. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు. నాకు అదే కీలకం. పిల్లలు ఏ గుడికి వెళ్ళాలన్నది పిల్లలూ నిర్ణయించలేదు, దొర నమ్మకమూ నిర్ణయించలేదు. చట్టమూ, పేదల పోషణ చూసే వ్యవస్థా కలిసి నిర్ణయించాయి.

ఆ పిల్లల గొంతు వినిపించే కాగితాలు చాలా తక్కువ. 1806లో జోసెఫ్ సెఫ్టన్, థామస్ ప్రీస్ట్‌లీ అనే ఇద్దరు కుర్రాళ్ళు మిల్లు విడిచి లండన్ దాకా పారిపోయి న్యాయాధికారుల ముందు వాంగ్మూలం ఇచ్చారు. ప్రీస్ట్‌లీ వేలు ఒకటి యంత్రంలో పోయింది. వాళ్ళను అంత దూరం నడిపించింది తల్లిని చూడాలన్న ఆశ.

ఊరికంటూ ఒక ఆరాధనా స్థలం 1822, 23లలో వచ్చింది. నోర్‌క్లిఫ్ చాపెల్‌ను గ్రెగ్ కట్టించాడు. మొదట బాప్టిస్టులది, 1833 నుంచి యూనిటేరియన్లది. కొన్నేళ్ళకు ఊళ్ళోని మెథడిస్టుల కోసం ధాన్యపు కొట్టు ఒకటి చాపెల్‌గా మారింది. దొర వర్గానికి కొత్త భవనం, కూలీల వర్గానికి పాత కొట్టు. ఇందులో అవమానం ఉందని నేననను, ఇచ్చినవాడిది కొంత ఉదారత కూడా. కానీ ఒక్క విషయం మరిచిపోకూడదు: దాతృత్వం అంతా మిల్లు సొమ్ముతోనే నడవలేదు. డొమినికా దీవిలో గ్రెగ్ కుటుంబానికి హిల్స్‌బరో అనే తోట ఉండేది. అందులో పనిచేసినవాళ్ళు బానిసలు.

సాల్టెయిర్: రోడ్డుకు అటూ ఇటూ

మిల్లు గ్రామాలన్నిటిలోకి పేరుమోసింది బ్రాడ్‌ఫర్డ్ దగ్గరి సాల్టెయిర్. ఆల్పాకా ఉన్నితో సొమ్ము చేసుకున్న టైటస్ సాల్ట్, 1848లో బ్రాడ్‌ఫర్డ్ మేయరై కలరానూ నగరపు పొగనూ దగ్గరగా చూశాడు. ఊరి వెలుపల, ఎయిర్ నదీ, కాలువా, రైలూ కలిసే చోట కొత్త మిల్లు పెట్టి, తన యాభయ్యో పుట్టినరోజున, 1853 సెప్టెంబర్ 20న, తెరిచాడు. దాని పొడవు 545 అడుగులు. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో 800కు పైగా ఇళ్ళు, స్నానశాలలు, ఆసుపత్రి, వృద్ధుల ఇళ్ళు, చదువుకోడానికి ఇన్‌స్టిట్యూట్, నది అవతల పార్కు వచ్చాయి. వీధులకు భార్య పేరు, పిల్లల పేర్లు పెట్టాడు. మందు దుకాణానికి మాత్రం ఊళ్ళో చోటివ్వలేదు. (తర్వాతి కాలంలో అదే ఊళ్ళో ‘టైటస్‌కు చెప్పొద్దు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక బారు వెలిసింది. ఊళ్ళోవాళ్ళ హాస్యానికి అదొక శాసనం.)

1859లో తెరిచిన కాంగ్రిగేషనల్ చర్చి మిల్లు ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా నిలిచింది. గుండ్రని ముఖమండపం, కొరింథియన్ స్తంభాలు, పైన గోపురం. ఆంగ్లికన్ చర్చికి బయట, ప్రతి సంఘమూ తన వ్యవహారం తానే చూసుకునే శాఖ అది, దొర సొంత శాఖ. 1876 డిసెంబర్‌లో సాల్ట్ చనిపోయాక ఆయన్ను ఆ చర్చిని ఆనుకున్న సమాధి మందిరంలోనే పెట్టారు. అంత్యయాత్ర చూడడానికి దారి పొడవునా లక్ష మంది నిలబడ్డారని చెబుతారు. వాస్తు చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగుతాయి.

నేను ఆగలేను. ఊరి జనాభా నాలుగు వేలు దాటినప్పుడు అందరూ కాంగ్రిగేషనలిస్టులు కారు. వెస్లియన్ మెథడిస్టులకు సాల్ట్ స్థలం ఇచ్చాడు, 1868లో వాళ్ళ చాపెల్ లేచింది. మెథడిస్టుల పద్ధతి తెలిస్తే ఇందులో విశేషం అర్థమవుతుంది. సంఘంలో చేరిన ప్రతివాళ్ళూ చిన్న చిన్న ‘క్లాసు’లుగా ఏర్పడి, వారానికొకసారి కలిసి, తలా ఒక పెన్నీ వేసేవారు. క్లాసుకు నాయకుడూ కూలీయే, ప్రసంగం చేసేవాడూ చాలాసార్లు కూలీయే. పగలు మగ్గం దగ్గర తలవంచినవాడు ఆదివారం పీఠం మీద తలెత్తి మాట్లాడేవాడు. లెక్కలు రాయడం, సమావేశం నడపడం, పదిమంది ముందు గొంతు విప్పడం అక్కడే నేర్చారు.

చరిత్రకారుడు ఇ.పి. థాంసన్ 1963లో వచ్చిన తన ఇంగ్లండ్ శ్రామికవర్గ చరిత్రలో మెథడిజాన్ని ఫ్యాక్టరీ క్రమశిక్షణకు తగిన మతంగా గట్టిగానే విమర్శించాడు. ఆ పుస్తకాన్ని ఆయన రాసింది పక్కనే ఉన్న హాలిఫాక్స్‌లో కాపురముంటూనే. వేళకు లేవడం, తాగకపోవడం, చెప్పినట్టు వినడం దొరకు లాభమే, కాదనలేం. కానీ పెన్నీ లెక్క రాయడం నేర్చినవాడు సంఘం చందా లెక్క కూడా రాయగలడు. థాంసన్‌కు ఇది తెలుసు, అయినా తక్కెడ అటే మొగ్గింది. సాల్టెయిర్‌లోనూ సమ్మెలు జరిగాయి, దొర బతికుండగానే. బ్రాడ్‌ఫర్డ్‌లోని మానింగ్‌హామ్ మిల్లు సమ్మె 1891లో ఓడిపోయింది. ఆ ఓటమి తర్వాత, 1893 జనవరిలో, కార్మికుల ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పుట్టింది ఆ ఊళ్ళోనే. మాంచెస్టర్‌లో 1891లో కార్మిక ఉద్యమాన్నీ ఆరాధననూ కలిపే లేబర్ చర్చి మొదలుపెట్టిన జాన్ ట్రెవర్ అంతకు ముందు యూనిటేరియన్ పాదిరి.

ఇప్పుడు సాల్టెయిర్ వీధుల్లో నడిస్తే ఏం కనిపిస్తుంది? కాంగ్రిగేషనల్ చర్చి యునైటెడ్ రిఫార్మ్‌డ్ చర్చిగా పేరు మారి, అత్యున్నత రక్షణ జాబితాలో ఉంది. 1868 నాటి వెస్లియన్ చాపెల్ లేదు, 20వ శతాబ్దంలో పడగొట్టారు. దొర కట్టించినవన్నీ నిలిచాయనీ అనలేం. 1876 నాటి సండే స్కూలు భవనం కూడా పోయింది, ఆ చోట కార్లు నిలుపుకుంటున్నారు. ఇది నా వాదనకు కొంత అడ్డమే, దాచను. కానీ సండే స్కూలు పేరు ఊరి చరిత్ర చెప్పే ప్రతి పుస్తకంలోనూ వస్తుంది. చాపెల్ ప్రస్తావన వెతుక్కోవాలి.

అడుగు తేడా

హాలిఫాక్స్ కథను త్వరగా ముగిస్తాను. ఉన్ని వ్యాపారి ఎడ్వర్డ్ ఆక్రాయిడ్ మెథడిస్టు ఇంట పుట్టి ఆంగ్లికన్ అయ్యాడు. 1849 నుంచి కోప్లీలో, 1859 నుంచి ఆక్రాయిడన్‌లో కూలీల ఇళ్ళు కట్టించాడు. రెండో చోట అద్దెకు కాదు, బిల్డింగ్ సొసైటీ అప్పుతో కూలీలే కొనుక్కునే ఏర్పాటు. ఇంతవరకు సాల్ట్ కన్నా ఒక మెట్టు ముందే ఉన్నాడు. చర్చి దగ్గరికి వచ్చేసరికి పోటీ మొదలైంది. ఊళ్ళో తివాచీల మిల్లు దొరలు క్రాస్లీలు కాంగ్రిగేషనలిస్టులు. వాళ్ళ స్క్వేర్ చర్చి శిఖరం 235 అడుగులు. ఆక్రాయిడ్ వాస్తుశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్ చేత కట్టించి 1859లో ప్రతిష్ఠ చేయించిన ఆల్ సోల్స్ శిఖరం 236 అడుగులు. భక్తిలో ఎవరెక్కువో తేల్చడానికి ఆ ఒక్క అడుగు చాలిందేమో. వాడిన మెత్తని సున్నపురాయి మాత్రం మిల్లుల ఊరి పొగగాలిని తట్టుకోలేక అరిగిపోయింది.

ఆల్ సోల్స్‌లో 1977లో ఆరాధన ఆగిపోయింది. ఇప్పుడది మూతపడ్డ చర్చిలను కాపాడే ట్రస్టు చేతిలో ఉంది. స్క్వేర్ చర్చి 1971లో కాలిపోయి శిఖరం ఒక్కటే మిగిలింది. ఆక్రాయిడన్ ఇళ్ళల్లో మటుకు ఈరోజుకీ కాపురాలున్నాయి.

మిల్లు పోయాక

సాల్టెయిర్ ఇళ్ళను కంపెనీ 1933లో బ్రాడ్‌ఫర్డ్ ప్రాపర్టీ ట్రస్టుకు అమ్మేసింది. అప్పటి నుంచి ఊరికీ మిల్లుకూ ఒకే యజమాని లేడు. మిల్లు 1986లో మూతపడింది. మరుసటేడు కొన్న జోనథన్ సిల్వర్ అందులో బ్రాడ్‌ఫర్డ్ బిడ్డ డేవిడ్ హాక్నీ చిత్రాలు పెట్టాడు. 2001లో సాల్టెయిర్‌నూ, క్రామ్‌ఫర్డ్ ఉన్న డెర్వెంట్ లోయ మిల్లులనూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితాలు రాతిని కాపాడతాయి. రాతిలో దొర వాటా ఎక్కువ.

బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల చివరి తరం కూలీల్లో చాలామంది దక్షిణాసియా నుంచి వచ్చారు, ముఖ్యంగా పాకిస్తాన్ పాలనలోని కశ్మీర్‌లో ఉన్న మీర్‌పూర్ వైపు నుంచి. తెల్లవాళ్ళు ఇష్టపడని రాత్రి షిఫ్టులు వీళ్ళ పాలయ్యాయి. వాళ్ళ కోసం ఏ దొరా గుడి కట్టించలేదు. వాళ్ళు సొంతంగా ఆరాధనా స్థలం ఏర్పరచుకోవడం మధ్యతరగతి పాఠకుడికి ఒక ‘వలస సమస్య’గా కనిపించవచ్చు, మిల్లు గ్రామాల చరిత్ర తెలిసినవాళ్ళకు అది పాత కథే. నగరంలో మొదటి మసీదు హోవర్డ్ స్ట్రీట్‌లో మామూలు వరస ఇంట్లో ఏర్పడింది, నూరేళ్ళ కిందట ఇదే కొండల్లో మెథడిస్టు క్లాసులు కూలీల ముందుగదుల్లో కూడినట్టు. మిల్లు గ్రామాల మతచరిత్ర రాసేవాళ్ళు చందా పుస్తకాలు దొరికిన చోటల్లా వాటినే ముందు తెరవాలి, శిఖరాల ఎత్తు తర్వాత కొలవవచ్చు. హోవర్డ్ స్ట్రీట్ మసీదు మొదలైంది 1959లో. స్టయల్‌లో క్వారీ బ్యాంక్ మిల్లు వ్యాపారానికి నూలు తీయడం మానేసిన సంవత్సరమూ అదే.