లింకు వేయడం ఒక పాఠం ఎలా అయింది

వెబ్ పేజీ తయారీ నేర్పే ఏ తరగతిలోనైనా తొలి పాఠాల్లోనే లింకు వచ్చేస్తుంది. కోణపు బ్రాకెట్లలో ‘ఏ’ ట్యాగు, అందులో ‘హెచ్‌రెఫ్’, సమానం గుర్తు, కొటేషన్ల మధ్య చిరునామా, ఆపైన పాఠకుడికి కనిపించే మాటలు, చివర ముగింపు ట్యాగు. ఆ ముగింపు ట్యాగు మరిచిపోతే కింది పేరాలు కూడా లింకులైపోతాయి. విచిత్రమేమిటంటే, వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ ఈ గుర్తులు మామూలు మనుషుల కంటపడతాయనే అనుకోలేదు.

లింకు వేయడానికి ఇలా గుర్తులు రాయాల్సి వస్తుందని ఆయన కంటే ముందువాళ్లూ అనుకోలేదు. 1945లో వానెవార్ బుష్ ‘మెమెక్స్’ అనే యంత్రాన్ని ఊహించి, ఒక మీట నొక్కితే రెండు పత్రాలు శాశ్వతంగా ముడిపడతాయన్నాడు. 1965లో టెడ్ నెల్సన్ ఇలా ముడిపడే రాతలకు ‘హైపర్‌టెక్స్ట్’ అని పేరు పెట్టాడు. 1968 డిసెంబరులో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో లింకులను పనిచేయించి చూపించాడు. 1987లో యాపిల్ తెచ్చిన హైపర్‌కార్డ్‌లోనైతే ప్రోగ్రామింగ్ వాసన తెలియని వాళ్లు కూడా ఒక బటన్‌ను మరో కార్డుకు తగిలించగలిగేవారు.

1990లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో బెర్నర్స్-లీ నెక్స్ట్ కంప్యూటర్ మీద రాసిన మొదటి బ్రౌజర్ కూడా అలాంటిదే. అది చదవడానికే కాదు, రాయడానికీ పనికొచ్చేది. చేరాల్సిన చోటును గుర్తు పెట్టుకుని, మన పేజీలో నాలుగు మాటలు ఎంచుకుని, మెనూలోంచి ‘గుర్తుపెట్టిన దానికి లింకు చెయ్యి’ అంటే సరి. ట్యాగులు తెర వెనకే ఉండేవి.

కానీ నెక్స్ట్ యంత్రాలు ఎంతమంది దగ్గరున్నాయి? అన్ని రకాల టెర్మినళ్ల మీదా నడిచేలా నికోలా పెల్లో అనే విద్యార్థిని లైన్-మోడ్ బ్రౌజర్ రాసింది. అందులో లింకు పక్కన ఒక అంకె కనిపించేది, ఆ అంకె కొడితే పేజీ వచ్చేది. చదవడం అందరికీ అందింది, రాయడం వెనకబడింది. 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మొజాయిక్ కూడా చదువరుల బ్రౌజరే. వెబ్‌ను జనంలోకి తీసుకెళ్లిన ఘనత దానిదే. లింకు వేయడాన్ని పాఠంగా మార్చిందీ అదేనని నా అభిప్రాయం.

ఆ పాఠం చెప్పే బాధ్యతా మొజాయిక్ తయారైన కేంద్రమే తీసుకుని, ఈ ట్యాగుల భాష అయిన హెచ్‌టీఎంఎల్‌కు ప్రారంభకుల మార్గదర్శిని విడుదల చేసింది. చాలామందికి అసలు గురువు మాత్రం బ్రౌజర్‌లోని ‘వ్యూ సోర్స్’. నచ్చిన పేజీ సోర్స్ తెరిచి, కాపీ కొట్టి, చిరునామా మార్చడమే చదువు. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటి ఇప్పటికీ పోలేదు: ఫైలు దారిని సి డ్రైవ్‌తో సహా రాసేయడం. సొంత కంప్యూటర్లో చక్కగా తెరుచుకుంటుంది, సర్వర్‌కెక్కించాక ఇంకెవరికీ తెరుచుకోదు.

ట్యాగు వచ్చాక రెండో ప్రశ్న: ఏ మాటల మీద లింకు వేయాలి? అందరూ ‘ఇక్కడ నొక్కండి’ అని రాసేవారు. 1999లో వెబ్ కన్సార్టియం అందుబాటు సూత్రాలు దీన్ని తప్పుపట్టాయి. చూపులేని వారు స్క్రీన్ రీడర్‌తో లింకులను మాత్రమే వరసగా వింటున్నప్పుడు పది ‘ఇక్కడ’లు వినిపిస్తే ఏది ఎక్కడికో ఎలా తెలుస్తుంది? 1998లో మొదలైన గూగుల్ కూడా లింకు మాటలను బట్టి అవతలి పేజీ దేని గురించో అంచనా వేసింది.

ఇక చదివేవారే దిద్దగలిగే సైట్లు, అంటే వికీలు. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ తొలి వికీలో పెద్దక్షరాలతో మొదలయ్యే రెండు మాటలను ఖాళీ లేకుండా కలిపి రాస్తే లింకయ్యేది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడాయే లేని తెలుగుకు ఆ పద్ధతి పనికిరాదు. 2001లో వికీపీడియా మొదలైన కొద్దికాలానికే పేరును జంట చదరపు బ్రాకెట్లలో పెట్టి లింకు చేసే పద్ధతి రావడం మనకు కలిసొచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో కొత్తవాళ్లు నేర్చుకునేది ఈ బ్రాకెట్లనే. ఒక్క చిక్కుంది. ‘నెల్లూరులో’ అనాలంటే ఊరి పేరును బ్రాకెట్లలో పెట్టి ‘లో’ తగిలిస్తే చాలు. ‘నెల్లూరికి’ అన్నప్పుడు పేరే మారిపోతుంది కనుక నిలువు గీత పెట్టి, ఒకవైపు వ్యాసం పేరు, రెండోవైపు కనిపించాల్సిన రూపం రాయాలి. ఇంగ్లీషు పాఠాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే ఈ సంగతి దొరకదు.

ఇప్పుడు చాలా ఎడిటర్లలో మాటను ఎంచుకుని కంట్రోల్, కె కలిపి నొక్కితే లింకు పెట్టె తెరుచుకుంటుంది. 1990 నాటి సౌకర్యం తిరిగొచ్చినట్టే. కనుక వెబ్ పాఠాలు చెప్పేవారికి ఒక మనవి: ట్యాగు నేర్పిన రోజునే ‘ఇక్కడ నొక్కండి’ని మాన్పించండి.